పూడిన తూము: ఎక్స్‌ఫోలియేషన్ గ్లకోమాలో కంటి ఒత్తిడి తగ్గించే మందులపై ఒక సమీక్ష

కంటిలో నీటి ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం ఏళ్ల తరబడి నలిగి దెబ్బతినే జబ్బును వాడుకలో నీటికాసులు అనీ, వైద్యంలో గ్లకోమా అనీ అంటారు. ఇందులో చాలా రకాలున్నా, కంటికటకం మీదా కనుపాప అంచు మీదా చుండ్రు వంటి తెల్లని పొలుసులు పేరుకునే రకం మిగతావాటికంటే మొండిది. దీనినే ఎక్స్‌ఫోలియేషన్ గ్లకోమా అంటారు. ఇందులో ఒత్తిడి మొదటినుంచే ఎక్కువ స్థాయిలో ఉంటుంది, రోజులో వేళనుబట్టి బాగా ఊగిసలాడుతుంది, మందుకు మొదట లొంగినట్టు కనిపించి కొన్నాళ్లకు మళ్లీ పైకి పాకుతుంది. దీనికి ఏ చుక్కల మందు ముందు వేయాలి, చుక్కలకంటే ముందే లేజర్ చేయాలా, ఒత్తిడి ఎంతకు దిగితే సరిపోయినట్టు అన్న ప్రశ్నల మీద సుమారు అర్ధశతాబ్దంగా వాదాలు నడుస్తున్నాయి. కొత్త మందు వచ్చిన ప్రతిసారీ ఈ వాదాలు మరింత చిక్కుపడుతున్నాయి.

ఈ వాదాలన్నీ ఎక్కువగా స్వీడన్, గ్రీసు, అమెరికా ఆసుపత్రుల లెక్కల మీద నడిచాయి. నెల్లూరు జిల్లా పశ్చిమాన వెలిగొండల పాదాన ఉన్న ఉదయగిరి, దానికి ఆగ్నేయంగా పెన్నకు చేరువలో ఉన్న ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాల్లో నిలబడి చూస్తే అవే లెక్కలు మరో అర్థం ఇస్తాయి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అరవైకి కాస్త అటూఇటూ. పనికోసం పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోగా ఇంట్లో మిగిలిన అరవై, డెబ్బై ఏళ్ల పెద్దలకే ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. ఏ మందు గొప్పదన్న చర్చలో ఈ దూరాన్నీ ఈ ఒంటరితనాన్నీ కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది ఈ సమీక్ష దృష్టి.

పేరు వెనుక నూరేళ్లు

ఫిన్లాండ్‌కు చెందిన నేత్ర వైద్యుడు జాన్ లిండ్‌బర్గ్ 1917లో తన పరిశోధన గ్రంథంలో కనుపాప అంచుల్లో కనిపించే బూడిదరంగు పొలుసులను మొదటిసారి వర్ణించాడు. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోక్ట్ ఆ పొలుసులు కటకం పై పొర నుంచే ఊడివస్తున్నాయని భావించాడు. ఊడిరావడం అన్న అర్థంలో ఎక్స్‌ఫోలియేషన్ అన్న మాట అలా స్థిరపడింది. అయితే కొలిమి వేడికి ఎదురుగా నిలబడి గాజు ఊదే కార్మికుల్లో కటకం పొర నిజంగానే పలకలుగా ఊడుతుందని 1922లో ఎల్‌ష్నిగ్ చూపాడు. కాబట్టి లిండ్‌బర్గ్ చూసింది వేరే పదార్థమని, దానిని 'సూడో' అంటే నకిలీ ఎక్స్‌ఫోలియేషన్ అనాలని 1954లో జార్జియానా డ్వోరాక్ థియోబాల్డ్ ప్రతిపాదించింది. నేటికీ మన ఆసుపత్రుల చీటీల మీద కనిపించే పి.ఎక్స్.ఎఫ్. అన్న పొడి అక్షరాలు ఆ ప్రతిపాదన నుంచి వచ్చినవే.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక కథ మారింది. ఆ పదార్థం కంటికే పరిమితం కాదని, చర్మం, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల వంటి అవయవాల్లోనూ అదే రకం నూలు పోగులు ఉంటాయని తేలింది. ఐస్‌లాండ్, స్వీడన్ రోగుల మీద జరిగిన పరిశోధన 2007లో లాక్స్‌ఎల్‌1 అనే జన్యువుకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని చూపింది. శరీరంలోని సాగే పోగులను అల్లి బిగించే ఎంజైముకు ఆ జన్యువే మూలం. మరుసటి ఏడాదే దక్షిణ భారత రోగుల్లోనూ ఆ సంబంధం నిర్ధారణ అయింది. ఇంత గొప్ప ఆవిష్కరణ మందుల చీటీని మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎందుకంటే ప్రమాదకరమన్న జన్యురూపం జబ్బు లేనివారిలోనూ చాలా ఎక్కువగా ఉంటుంది, పైగా ఐరోపాలో ప్రమాదకరంగా కనిపించిన రూపమే జపానులో రక్షణగా కనిపించింది. జన్యుపరీక్ష చేసి మందు ఎంచుకునే రోజు ఇంకా రాలేదు.

తెలుగు నేల మీది లెక్కలు

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 1996 నుంచి 2000 వరకు నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాదు నగరంతోపాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటిన వారందరినీ కలిపి చూస్తే ఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవారు నూటికి ఒకరికంటే తక్కువే, కాని అరవై దాటినవారిలో సుమారు ముగ్గురు. ఆరుబయట పనిచేసేవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. ఇక నెల్లూరుకు దక్షిణాన తమిళనాడులో, మదురై ప్రాంతపు పల్లెల్లో అరవింద్ సంస్థ చేసిన సర్వేలో నలభై దాటినవారిలో ఇది నూటికి ఆరుగానూ, చెన్నై చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన సర్వేలో అదే వయసువారిలో నూటికి నాలుగుకు కాస్త తక్కువగానూ తేలింది.

ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి తమిళనాడులో జబ్బు అనేక రెట్లు ఎక్కువని తేల్చేయడం తొందరపాటవుతుంది. ఒకచోట వయసు ముప్పై నుంచి లెక్కించారు, మరోచోట నలభై నుంచి. వయసుతోపాటు నిటారుగా పెరిగే జబ్బులో ఈ పదేళ్ల తేడాయే శాతాన్ని కిందికి లాగేస్తుంది. కనుపాపను చుక్కలతో పెద్దది చేసి చూసిన సర్వేలో ఎక్కువమంది దొరుకుతారు, చేయకుండా చూస్తే జారిపోతారు, ఎందుకంటే పొలుసుల వలయం చాలాసార్లు కటకం అంచు దగ్గర, కనుపాప చాటున ఉంటుంది. నెల్లూరు మెట్ట ఈ రెండు సర్వేల నడుమ ఉన్న నేల. గొర్రెలు మేపుతూ, పొగాకు, శనగ, నిమ్మ తోటల్లో ఎండనపడి పనిచేసే వయోవృద్ధులు ఇక్కడ ఎక్కువ. కాబట్టి ఇక్కడి శుక్లాల శిబిరానికి వచ్చే ప్రతి వంద మంది వృద్ధుల్లో కొందరికైనా ఈ పొలుసులు ఉంటాయన్న అంచనాతోనే పరీక్ష మొదలుపెట్టడం మంచిది.

పొలుసులు ఉన్నవారందరికీ గ్లకోమా రాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక జిల్లా మొత్తం వైద్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం పదిహేనేళ్లలో సుమారు 44 శాతం మందికి గ్లకోమా చికిత్స అవసరమైందని లెక్కగట్టింది. 1980ల నాటి మరో అధ్యయనంలో పదేళ్లకు అది 15 శాతం మాత్రమే. రోగులు ఎలాంటివారన్నదానిమీద, ఎంతకాలం వెంబడించారన్నదానిమీద ఈ తేడా ఆధారపడి ఉంది. అందరూ ఒప్పుకునేది ఒక్కటే. గ్లకోమా వచ్చాక ఇది సాధారణ రకంకంటే వేగంగా చూపును తింటుంది. స్వీడన్‌లో జరిగిన తొలిదశ గ్లకోమా పరిశీలనలో మందు ఇవ్వకుండా వెంబడించిన రోగుల ఫలితాలు 2009లో వచ్చాయి. చూపు పరిధిని కొలిచే కొలమానంలో ఒత్తిడి ఎక్కువగా ఉన్న సాధారణ రకంవారు ఏటా సగటున 1.31 డెసిబెల్స్ కోల్పోగా, ఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవారు 3.13 డెసిబెల్స్ కోల్పోయారు. ముప్పై డెసిబెల్స్ పోతే దాదాపు చీకటే కాబట్టి, ఈ వేగంతో ఆరోగ్యమైన కన్ను పదేళ్లలో గుడ్డిదవుతుంది.

వాగు, తూము, కలుజు

మందుల పనితీరు అర్థం కావాలంటే చెరువును గుర్తుచేసుకోవడం సులువు. కంటి లోపల సీలియరీ బాడీ అనే కణజాలం నిరంతరం పారదర్శకమైన నీటిని ఊరిస్తుంది, అది వాగు. కనుగుడ్డు ముందుభాగపు మూలలో ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ అనే జల్లెడ గుండా ఆ నీరు బయటికి పోతుంది, అది తూము. కండరాల సందుల్లోంచి కొంత నీరు మరో దారిన జారిపోతుంది, దానిని నెల్లూరు రైతు భాషలో కలుజు అనవచ్చు. ఎక్స్‌ఫోలియేషన్‌లో పొలుసులూ, కనుపాప రంగుపొర కటకానికి రాపిడై రాలిన నల్లని రేణువులూ కలిసి తూమును పూడ్చేస్తాయి. చెరువులో నీరు పెరుగుతుంది. అంటే కంటి ఒత్తిడి, సాధారణంగా పది నుంచి ఇరవయ్యొక్క పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉండవలసింది, ముప్పై, నలభై దాటుతుంది.

వాగును తగ్గించే మందుల్లో టిమోలాల్ ప్రధానమైనది. 1978లో అమెరికాలో అనుమతి పొందిన ఈ బీటా బ్లాకర్ చుక్కలే రెండు దశాబ్దాలపాటు ప్రపంచమంతా మొదటి చికిత్స. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కంటికి మంట పెద్దగా ఉండదు. నిద్రలో కంటినీరు ఎటూ తక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రిపూట దీని ప్రభావం స్వల్పం. ఉబ్బసం ఉన్నవారికీ, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికీ ఇది ప్రమాదం. బీడీలు కాల్చి ఆయాసపడే మెట్ట ప్రాంతపు వృద్ధుడికి ఊపిరితిత్తుల సంగతి అడగకుండా టిమోలాల్ రాయడం కంటిచుక్కను చిన్న మందుగా చూడటం వల్ల జరిగే తప్పు, ఎందుకంటే ముక్కులోకి జారిన చుక్క సూటిగా రక్తంలో కలుస్తుంది. చుక్క వేశాక కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టడం ఈ ప్రమాదాన్ని గణనీయంగా తగ్గిస్తుంది.

వాగును తగ్గించేవే అసిటజోలమైడ్ మాత్ర, దాని తమ్ముళ్లయిన డోర్జోలమైడ్, బ్రింజోలమైడ్ చుక్కలు. మాత్ర 1950ల నుంచి ఉంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఆపరేషన్‌కు ముందు కొద్దిరోజుల కోసం ఇది అమూల్యం. నెలల తరబడి వాడితే చేతులు తిమ్మిరెక్కడం, ఆకలి మందగించడం, మూత్రపిండాల్లో రాళ్లు వంటి సమస్యలు వస్తాయి. ఉదయగిరి, వరికుంటపాడు వైపు ఫ్లోరైడు నీటితో బాధపడే పల్లెల్లో మూత్రపిండాల పరిస్థితి తెలియకుండా ఈ మాత్రను దీర్ఘకాలం కొనసాగించడం ఏమాత్రం తగదు. బ్రిమోనిడిన్ అనే మరో చుక్క వాగును తగ్గిస్తూ కలుజును కాస్త పెంచుతుంది. కాని రోజుకు రెండు మూడుసార్లు వేయాలి, కొన్నాళ్లకు కళ్లెర్రబడే అలర్జీ తరచుగా కనిపిస్తుంది.

తూమును తెరిచే మందుల్లో అన్నిటికంటే పాతది పిలోకార్పిన్. దక్షిణ అమెరికాలోని ఒక పొద ఆకుల నుంచి తీసిన ఈ మందు 1870ల నుంచి వాడుకలో ఉంది. ఇది కనుపాపను చిన్నది చేసి, కండరాన్ని లాగి జల్లెడను సాగదీస్తుంది. మిగతా రోగులకు ఇది పాతబడిన మందే అయినా ఎక్స్‌ఫోలియేషన్‌లో దీనికి ప్రత్యేక వాదన ఉంది. కనుపాప కదలకుండా ఉంటే కటకానికి రాపిడి ఉండదు, రేణువులు రాలవు, తూము మరింత పూడదు. అమెరికా వైద్యుడు రాబర్ట్ రిచ్ ఈ తర్కంతోనే రాత్రి పడుకునే ముందు రెండు శాతం పిలోకార్పిన్ ఒక్కసారి వేస్తే చాలని వాదించాడు. ఎదుటి వాదన కూడా బలమైనదే: ఈ రోగుల్లో చాలామందికి శుక్లాలు ఉంటాయి, కనుపాప చిన్నదైతే చూపు మరింత మసకబారుతుంది, కటకానికి కనుపాప అంటుకుపోయే ప్రమాదం ఉంది, ఆ తర్వాత శుక్లం తీసే వైద్యుడికి పని కష్టమవుతుంది. తర్కం అందంగా ఉన్నా, దీర్ఘకాలపు చూపు ఫలితాలు దానిని ఇంకా నిలబెట్టలేదు.

రో కైనేజ్ నిరోధకాలన్న కొత్త తరగతి కూడా తూము మీదే పనిచేస్తుంది. రిపాసుడిల్‌కు జపాను 2014లోనూ, నెటార్సుడిల్‌కు అమెరికా 2017లోనూ అనుమతి ఇచ్చాయి. పూడిన తూముకే మందు అన్న కారణంగా ఎక్స్‌ఫోలియేషన్‌లో వీటిమీద ఆశ సహజం. ప్రస్తుతానికి ఇవి రెండో మూడో మందుగానే వాడుకలో ఉన్నాయి, కన్ను ఎర్రబడటం చాలామందిలో కనిపిస్తుంది.

ఇక కలుజును వెడల్పు చేసేవి ప్రోస్టాగ్లాండిన్ తరగతి చుక్కలు. 1996లో లటానోప్రోస్ట్, 2001లో బిమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ వచ్చాయి. రాత్రికి ఒక్క చుక్క చాలు, ఒత్తిడి పావు వంతు నుంచి మూడోవంతు దాకా దిగుతుంది, పగలూ రాత్రీ ఒకేలా పనిచేస్తాయి, గుండెకూ ఊపిరికీ ముప్పు లేదు. కళ్లెర్రబడటం, రెప్పవెంట్రుకలు పెరగడం, కంటిచుట్టూ చర్మం నల్లబడి కన్ను లోపలికి పోయినట్టు కనిపించడం వీటి లోపాలు. ఒక కంటికే వేసుకునేవారిలో ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మొదటి చుక్క మీద వాదం

మొదటి చుక్క ఏదన్న ప్రశ్నకు నేడు ఎక్కువమంది జవాబు ప్రోస్టాగ్లాండిన్. ఈ జవాబు వెనుక గ్రీసులోని థెస్సలోనికీ బృందం చేసిన పని చాలా ఉంది. అనస్తాసియోస్ కాన్‌స్టాస్, ఆయన సహచరులు రోగులను ఆసుపత్రిలో ఉంచి ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడి కొలిచారు. ఎక్స్‌ఫోలియేషన్ రోగుల్లో ఒత్తిడి సాధారణ రకంకంటే ఎక్కువగా ఎగసిపడుతుందని, ఆ ఎగసిపాటు చాలామందిలో వైద్యుడు ఓపీ చూసే వేళల బయట జరుగుతుందని వారు చూపారు. ఈ ఒక్క విషయం మందుల చర్చను తలకిందులు చేసింది. పొద్దున పదకొండు గంటలకు ఆసుపత్రిలో పద్దెనిమిది చూపిన కన్ను తెల్లవారుజామున ముప్పై ఉండవచ్చు. కాబట్టి పగటి సగటును తగ్గించే మందుకంటే రాత్రీ పగలూ నిలకడగా ఉంచే మందు మేలన్న వాదం బలపడింది. 2004లో అదే బృందం బహుళదేశ రోగులను అయిదేళ్లపాటు పరిశీలించి, సగటు ఒత్తిడి పదిహేడు లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో 28 శాతం మందికి, ఇరవై లేదా ఆపైన ఉన్నవారిలో 70 శాతం మందికి చూపు మరింత దెబ్బతిన్నదని చూపింది. సాధారణ గ్లకోమాలో ఇరవై సంతృప్తికరం కావచ్చు, ఇక్కడ కాదు.

2006లో ఇదే బృందం మరో ఆసక్తికరమైన ఫలితం ప్రకటించింది. లటానోప్రోస్ట్ వాడిన రోగుల కంటినీటిలో పొలుసుల ఉత్పత్తికి తోడ్పడే కొన్ని ప్రోటీన్ల మోతాదు తగ్గింది. దీనిని పట్టుకుని మందు ఒత్తిడితోపాటు జబ్బునే అదుపు చేస్తుందని చెప్పేవారున్నారు. కంటినీటిలో మార్పు నుంచి చూపు నిలబడిందన్న మాట దాకా చాలా దూరముంది. ఆ వంతెన ఇంకా కట్టలేదు.

దీనికి భిన్నమైన పక్షం, మొదటి రోజునుంచే రెండు మందులు కలిసిన ఒకే సీసా వాడాలంటుంది. ఎక్స్‌ఫోలియేషన్ రోగి మొదటిసారి వచ్చేసరికే ఒత్తిడి ముప్పై అయిదు ఉంటే మూడోవంతు తగ్గినా ఇరవై మూడు దగ్గరే ఆగుతుంది, అంటే లక్ష్యం అందదు. యూరోపియన్ గ్లకోమా సొసైటీ మార్గదర్శకాలు మామూలుగా ఒక మందుతోనే మొదలుపెట్టమంటూ, ఒత్తిడి చాలా ఎక్కువగా ఉండి నరం తీవ్రంగా దెబ్బతిన్నవారికి కలిపిన మందుతో మొదలుపెట్టవచ్చునంటాయి. ఉదయగిరి నుంచి వంద కిలోమీటర్లు వచ్చిన రోగికి నెలకొకసారి ఒక్కో మందు చేర్చుతూ పోయే పద్ధతి కాగితం మీదే బాగుంటుంది. తిరిగి వచ్చేలోగా ఆరునెలలు గడిచిపోతాయి. అలాంటిచోట ఒత్తిడి ముప్పై దాటినప్పుడు కలిపిన మందుతో మొదలుపెట్టే పక్షానికే మొగ్గు ఎక్కువ.

చవకైన టిమోలాల్‌తోనే మొదలుపెట్టాలన్న పాత పక్షం ఇంకా బలంగానే ఉంది, దానికి కారణం ఖర్చే. 2022లో కేంద్రం సవరించిన అత్యవసర మందుల జాతీయ జాబితాలో లటానోప్రోస్ట్ చేరడం ఈ వాదానికి కొంత బలం తగ్గించింది. కాని ధరకంటే పెద్ద ప్రశ్న వేడి. మూత తీయని లటానోప్రోస్ట్ సీసాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలని, తీశాక ఇరవై అయిదు డిగ్రీల లోపు ఆరువారాలు వాడవచ్చని తయారీదారులు చెబుతారు. రోహిణి కార్తెలో నలభై దాటే ఉదయగిరిలో ఇరవై అయిదు డిగ్రీలు గోడల్లోపల కూడా దొరకదు. బిమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ సీసాలకు ఫ్రిజ్ అవసరం లేకపోయినా వాటి మీదా ఇరవై అయిదు డిగ్రీల హద్దు రాసే ఉంటుంది. కాబట్టి రెండింటి మధ్య ఎంపికలో ఫ్రిజ్ లేని ఇంటికి రెండో రకం కొంత నయం. ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్‌ను మట్టికుండ చల్లదనంలో దాచుకునే అలవాటును కంటిచుక్కలకూ పాటించవచ్చు. ఈ విషయం మందు రాసేటప్పుడే చెప్పకపోతే సీసా కిటికీ మీద ఎండలో కూర్చుంటుంది.

మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ చుక్కల సంగతి ఇక్కడే ప్రస్తావించాలి. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చిన సీసా బాగా పనిచేసిందని, కన్ను ఎర్రబడినప్పుడల్లా అదే కొనితెచ్చుకునేవారున్నారు. స్టెరాయిడ్లు కొందరిలో కంటి ఒత్తిడిని నిశ్శబ్దంగా పెంచుతాయి. ఎక్స్‌ఫోలియేషన్ ఉన్న కంటికి అది నిప్పు మీద కిరసనాయిలే.

లేజర్ పక్షం

చుక్కల మీద వాదం ఇలా ఉండగా, అసలు చుక్కలే ఎందుకన్న పక్షం లేజర్‌ది. తూము దగ్గర ఉన్న జల్లెడ మీద కాంతి పుంజాన్ని పంపి నీటి ప్రవాహాన్ని మెరుగుపరచే ఆర్గాన్ లేజర్ పద్ధతిని 1979లో వైజ్, విటర్ ప్రకటించారు. దాని తర్వాతి రూపమైన సెలెక్టివ్ లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ 1990లలో వచ్చింది. ఆ పద్ధతి జల్లెడను కాల్చకుండా నల్లని రేణువులున్న కణాలనే లక్ష్యం చేసుకుంటుంది. ఎక్స్‌ఫోలియేషన్‌లో ఆ రేణువులు ఎక్కువ కాబట్టి లేజర్ మొదట్లో మిగతా రకాలకంటే బాగా పనిచేస్తుంది. ఒకటి రెండు ఏళ్లలో ఆ లాభం కరిగిపోవడం కూడా మిగతావాటికంటే ఎక్కువ. లేజర్ చేసిన కొన్ని గంటల్లో ఒత్తిడి ఎగసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజు గమనిక తప్పనిసరి.

2019లో బ్రిటన్ నుంచి వచ్చిన లైట్ అధ్యయనం, మొదటి చికిత్సగా లేజర్ చేయించుకున్న రోగుల్లో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కలు అవసరం కాలేదని చూపింది. దానిని ఎక్స్‌ఫోలియేషన్‌కు నేరుగా అన్వయించడం సరికాదు, ఎందుకంటే అందులోని రోగులు ప్రధానంగా సాధారణ గ్లకోమావారు, ఒత్తిడి మాత్రం పెరిగినవారు. మెట్ట ప్రాంతానికి దగ్గరి పాఠం 2021లో టాంజానియాలోని కిలిమంజారో ప్రాంతం నుంచి వచ్చింది. టిమోలాల్ చుక్కలను లేజర్‌తో పోల్చిన ఆ పరిశీలనలో ఏడాది తర్వాత లేజర్ పొందిన కళ్లలో 61 శాతం, టిమోలాల్ వాడిన కళ్లలో 31 శాతం విజయవంతమయ్యాయి. చుక్కలు ఉచితంగా చేతికిచ్చినా సగం కళ్లు కూడా అదుపులోకి రాలేదంటే, దూరప్రాంతాల్లో సీసాను నమ్ముకున్న చికిత్స ఎంత బలహీనమైనదో ఆలోచించాలి.

లేజర్ వ్యతిరేకుల మాట కూడా వినదగ్గదే. లేజర్ చేసి "చుక్కలు అక్కర్లేదు" అని చెప్పిన రోగి మళ్లీ రాడు. ఎక్స్‌ఫోలియేషన్‌లో లాభం కరిగిపోయే కాలం సరిగ్గా రోగి ఆసుపత్రిని మరిచిపోయే కాలమే. కాబట్టి ఈ జబ్బులో లేజర్ ఒక సంవత్సరపు వాయిదాగా మాత్రమే విలువైనది. ఆ ఏడాదిలో నాలుగైదు నెలలకొకసారి ఒత్తిడి చూపించుకునే ఏర్పాటు ఉన్నచోట దానిని ముందుకు తీసుకురావాలి, ఆ ఏర్పాటు లేనిచోట మంచి చికిత్స కూడా మోసం చేస్తుంది. మందులూ లేజరూ రెండూ ఓడినప్పుడు నీటికి కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ ఆపరేషన్ 1968 నుంచి నిలిచి ఉన్న ఆధారం. మూడు చుక్కలు వేసినా ఒత్తిడి ఇరవై దాటే కంటిని నాలుగో చుక్కతో కాలయాపన చేయడం కంటే ఆ ఆపరేషన్‌కు పంపడమే మేలు.

శుక్లం తీసే వేళ

ఎక్స్‌ఫోలియేషన్ ఉన్న కంటికి శుక్లం ఆపరేషన్ సులువు కాదు. చుక్కలు వేసినా కనుపాప పెద్దది కాదు, కటకాన్ని పట్టి ఉంచే సన్నని దారాలు బలహీనంగా ఉంటాయి, ఆపరేషన్ మధ్యలో కటకం జారిపోయే ప్రమాదం ఉంటుంది. శుక్లం తీశాక చాలామందిలో ఒత్తిడి కొంత దిగుతుంది, ఎక్స్‌ఫోలియేషన్‌లో ఆ దిగుదల ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని గ్లకోమా చికిత్సగా భావించి చుక్కలు ఆపేయమనే వైద్యులు ఉన్నారు. ఆపరేషన్ జరిగిన మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒత్తిడి ఎగసే ప్రమాదం కూడా ఇందులోనే ఎక్కువ కాబట్టి ఆ తొందర మంచిది కాదు.

నెల్లూరు జిల్లాలో శుక్లాల శిబిరాలు కొత్త కాదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైననాటి నుంచి పల్లె వృద్ధులకు కంటి వైద్యమంటే శుక్లం తీయించుకోవడమే. 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు కార్యక్రమం కూడా మొదట బడిపిల్లల కళ్లద్దాలమీద, ఆ తర్వాత వృద్ధుల శుక్లాలమీద దృష్టిపెట్టింది. ఆ కార్యక్రమాల మేలును తక్కువ చేయనవసరం లేదు. గ్లకోమా కోసం వాటిలో చేర్చవలసినవి రెండే: శుక్లానికి ముందు కనుపాపను పెద్దది చేసి పొలుసులున్నాయేమో చూడటం, కనుపాప పెద్దదైన తర్వాత ఒత్తిడి మరోసారి కొలవడం. పెద్దది చేసినప్పుడు రాలే రేణువుల వల్ల కొందరిలో ఒత్తిడి అప్పుడే పైకి లేస్తుంది, ఆ కొలత భవిష్యత్తు ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక.

ఇంకా తేలనివి

ఒత్తిడి మామూలుగా ఉండి పొలుసులు మాత్రం ఉన్నవారికి ముందుగానే మందు మొదలుపెట్టాలా అన్నది తేలలేదు. ఎక్కువమంది వేచిచూడమంటారు, కాని ఆరునెలలకోసారి చూపించుకోమని షరతు పెడతారు. ఎండ పాత్ర కూడా వాదంలోనే ఉంది. 2014లో అమెరికా, ఇజ్రాయెల్ రోగుల మీద వచ్చిన అధ్యయనం ఆరుబయట గడిపిన గంటలకూ ఈ జబ్బుకూ సంబంధం చూపింది, ఆంధ్రప్రదేశ్ సర్వేలో ఆరుబయట పనివారిలో ఎక్కువగా కనిపించడం దానికి తోడవుతుంది. టోపీ, చల్లద్దాలు జబ్బును ఆపుతాయని ఎవరూ నిరూపించకపోయినా, వాటివల్ల నష్టం లేదు. 2012లో అమెరికా నర్సులు, ఇతర ఆరోగ్య వృత్తులవారి మీద వచ్చిన దీర్ఘకాల అధ్యయనం రోజుకు మూడు కప్పులు లేదా అంతకు మించి కాఫీ తాగేవారిలో ఇది కొంత ఎక్కువని చెప్పింది, టీతో మాత్రం సంబంధం కనిపించలేదు. అంతమాత్రాన నెల్లూరులో ఎవరూ పొద్దున్నే కాఫీ మానేయనక్కరలేదు.

మందుల చర్చలో ఒక విషయం మాత్రం తేలిపోయింది. ప్రోస్టాగ్లాండిన్‌తోనో కలిపిన మందుతోనో మొదలుపెట్టి, ఒత్తిడి పదిహేడు దగ్గరికి రాకపోతే మూడు నెలల్లో తర్వాతి అడుగు వేసే ఆసుపత్రి, ఏ మందు మొదట రాసినా చూపును కాపాడుతుంది. మూడేళ్లపాటు అదే సీసాను కొనసాగించే ఆసుపత్రి ఎంత గొప్ప మందు రాసినా కాపాడలేదు.

శుక్లం ఆపరేషన్ అయిన తర్వాత కటకం ముందు పొర తీసేయడంవల్ల పొలుసుల ఆనవాలు చాలావరకు మాయమవుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు మరో వైద్యుడు ఆ కంటిని చూసినా అది ఎక్స్‌ఫోలియేషన్ కన్నని గుర్తుపట్టడం కష్టం. ఆపరేషన్ నాటి డిశ్చార్జి చీటీ మీద పి.ఎక్స్.ఎఫ్. అన్న మూడు అక్షరాలు ఉంటే, ఆ కంటి గురించి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో తల్లిదండ్రులకు శుక్లం తీయించిన పిల్లలు ఆ చీటీని రేషన్ కార్డుతోపాటు దాచి, కంటి పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ చూపించాలి.